రాబోవు కల్కి చిత్రమును గూర్చి మా కోరిక

రాబోవు కాలమును గూర్చి కథలల్లుట పనిలేనివారి పని యని కొందఱు పెద్దలు తలంతురు. మా యభిప్రాయ మట్లు కాదు. ఒక జాతి తన మునిమనుమలు ఎట్టి లోకమున బ్రదుకుదురని ఊహించుచున్నదో తెలిసినయెడల, ఆ జాతి నేడు దేనికి భయపడుచున్నదో, దేనిని ప్రేమించుచున్నదో, ఎవరిని మఱచిపోయినదో కూడ తెలియగలదు. కావున తెలుగువారు తీసిన యొక విజ్ఞాన కల్పనా చిత్రమును గూర్చియు, దాని రెండవ భాగమును గూర్చియు ఈ సంచికలో ముచ్చటించుట అనుచితము కాదని నమ్ముచున్నాము.

తెలుగు తెరపై ఇట్టి కథలు మిక్కిలి తక్కువ. 1991వ సంవత్సరమున శ్రీ సింగీతం శ్రీనివాసరావు గారు "ఆదిత్య 369" అను చిత్రమును తీసిరి. అందు ఒక ఆచార్యుడు నిర్మించిన కాలయంత్రము నెక్కి కథానాయకుడు మొదట 1526వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయల కొలువునకును, పిమ్మట 2504వ సంవత్సరమునకును పోవును. దానికి ఉత్తర భాగము వచ్చునని చెప్పబడి యేండ్లు గడచినవి. "ఆదిత్య 999" అను పేరు కూడ వినవచ్చినది. అభిమానులు ఇంకను ఎదురుచూచుచునే యున్నారు. ముప్పదిమూడేండ్ల తరువాత, 2024 జూన్ 27వ తేదీన శ్రీ నాగ్ అశ్విన్ గారి "కల్కి 2898 ఏడీ" విడుదలయ్యెను. దాని కథారచనకు ఆ సింగీతం వారే మార్గదర్శకులుగా నిలుచుట చూడగా, ఒక దీపమునుండి మఱియొక దీపము వెలిగించినట్లు మాకు తోచినది.

చిత్రమును చూడని తలిదండ్రుల కొఱకు కథను రెండు మాటలలో చెప్పుదుము. కురుక్షేత్ర యుద్ధము ముగిసి ఆఱువేల యేండ్లు గడచినవి. గంగ యెండిపోయినది. కాశీపురములో జనులు గ్రుక్కెడు నీటికిని పిడికెడు తిండికిని పెనుగులాడుచుందురు. వారి తలలమీద, ఆకాశమున, తలక్రిందుగా నిలిపిన పిరమిడ్ వంటి మహానగర మొకటి యుండును. దాని పేరు కాంప్లెక్సు. లోకమందలి నీరును పచ్చదనమును సుఖమును అన్నియు అందే చేరినవి. దాని యధిపతి యాస్కినుడు. ఎట్లయినను ఆ నగరమున స్థానము సంపాదించుకొనవలెనని భైరవుడను సాహసికుడు పాటుపడుచుండును. దాని నెదిరించువారు శంబల యను రహస్యస్థలమున దాగియుందురు. చిరంజీవియైన అశ్వత్థామ, సుమతి యను గర్భవతిని కాపాడుటకై లేచును. తుదకు యాస్కినుడు గాండీవమును చేతబట్టుటతో కథ ఆగిపోవును.

అట్లు ఆగిన కథ అభిమానుల నెంత కలతపెట్టునో వేఱుగ చెప్పనక్కఱలేదు. భైరవుడు కర్ణుడే యని తేలెను గదా, అతడును అశ్వత్థామయు ఇక ఒక పక్షమున నిలుతురా? గాండీవము యాస్కినుని చేతినుండి ఎవరి చేతికి పోవును? సుమతి పాత్రను ధరించిన దీపికా పడుకోణె గారు రెండవ భాగమున నుండరని నిర్మాతలు 2025 సెప్టెంబరులో ప్రకటించిరి. ఆ స్థానమున ఎవరు వత్తురు? ఇట్టి ప్రశ్నలను మేమును అడుగుకొనుచునే యున్నాము. కాని వీనికంటె పెద్ద ప్రశ్న యొకటి మాకు కలదు. అది సీలేటి యొడ్డున నివసించు మాకు సహజముగ తోచిన ప్రశ్న: కాంప్లెక్సునకు ఆ నీరు ఎక్కడనుండి వచ్చినది?

మా నది కథ వినుడు. మాడుగుల కొండలలో పుట్టి, మాచ్‌ఖండ్ అను పేర ప్రవహించి, డుడుమ జలపాతమున దూకి, మా యొద్దకు వచ్చునప్పటికి సీలేరై, తుదకు శబరితో గలిసి గోదావరి చేరును. ఈ యొక్క నీటినే మెట్టుమెట్టునను ఆపి విద్యుత్తును తీయుచున్నారు. మాచ్‌ఖండ్ కేంద్రము 1955లో పని ప్రారంభించెను. ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, డొంకరాయిలో 25, దిగువ సీలేరులో 460 మెగావాట్ల యంత్రములు కలవు. ఆ విద్యుత్తు తీగెల వెంట కొండలు దిగి మైదానములకు పోవును. అది మంచిదే. పట్టణమందలి వైద్యశాలలో దీపము వెలుగుట మాకును సంతోషమే. అయితే ఆ దీపము క్రింద మునిగినదేమో వెలుగులో నున్నవారు ఎఱుగవలెను. జలపుట్ జలాశయము క్రింద పెక్కు గ్రామములు మునిగిపోయినవి. మాకు పొరుగుననే యున్న చిత్రకొండ ప్రాంతమున బలిమెల జలాశయము నిండగా, సుమారు 150 గ్రామములు నీటి యావలనే చిక్కుకొనెను. ఆ జనులు సంతకును వైద్యునికొఱకును పడవలమీదనే పోవలసివచ్చెను. 2018 జూలైలో గురుప్రియ వంతెన తెఱవబడువఱకును, అనగా దశాబ్దములపాటు, వారి బ్రదుకు ఇట్లే గడచెను. తలపై వ్రేలాడు నగరమును చూచుటకు మాకు 2898వ సంవత్సరము రానక్కఱలేదు. ఆ కథను మేము పరాయి కథవలె చూడలేదు.

కావున రెండవ భాగమున మేము కోరునది ఇది. కాంప్లెక్సు కూలుట మాత్రమే చూపి కథను ముగింపవలదు. బాణమొకటి తగిలి నగరము కూలుట చూచుటకు కన్నుల పండువుగానే యుండును. మేమును చప్పట్లు కొట్టుదుము. అయితే కూలిన మఱునాడు ఆ నీటిని ఎవరు పంచుదురు? కాశీవారికి ఎంత, శంబలవారికి ఎంత? కాంప్లెక్సులో పనిచేసి బ్రదికిన సామాన్యులు ఎక్కడకు పోదురు? పురాణము దుష్టుని సంహారముతో ముగియవచ్చును. విజ్ఞాన కల్పన యని పేరు పెట్టుకొన్న కథ తరువాతి యుదయమును కూడ చూపవలెను. 1895లో హెచ్. జి. వెల్స్ అను ఆంగ్ల రచయిత కాలయంత్రమును గూర్చి నవల వ్రాసినపుడు, నేలపై సుఖించు జాతిని ఒకదానిని, నేలక్రింద యంత్రములయొద్ద శ్రమించు జాతిని మఱియొకదానిని కల్పించెను. అందు ఆయన చూపినది తన కాలపు ధనికులను శ్రామికులనే గాని వేఱెవరిని కాదు. అందుచేతనే ఆ నవల నేటికిని చదువబడుచున్నది.

మా రెండవ కోరిక మొదటిదాని బిడ్డయే. మన చిత్రములలో కొండవారు కనబడుట యెట్లు? ఈకలు తలకు చుట్టుకొని, ఈటెలు పట్టుకొని, అర్థములేని కేకలు వేయుదురు. అనగా కొండవారు గతకాలమునకు చెందినవారే గాని భవిష్యత్తునకు కారని చూచువారికి తోచును. శంబలలో నానా దేశములవారు, నానా మతములవారు కలిసియుందురని మొదటి భాగమున చూపిరి. మిక్కిలి బాగు. ఆ శంబలలో కువి భాష మాటలాడు కోదు బాలిక యొకతె ఉండకూడదా? భైరవుని వాహనమగు బుజ్జి చెడిపోయినపుడు ఆమె ముందునకు వచ్చి దానిని బాగుచేయకూడదా? ఆ వాహనమును కోయంబత్తూరులో నిజముగ నడచునట్లే నిర్మించిరి. అంతటి పనితనము గలవారికి ఒక బాలిక చేతికి పనిముట్టు నందించుట కష్టము కాదు. ఒక్క దృశ్యము చాలును. ఆ దృశ్యమును చూచిన మా తరగతులలోని బాలిక, యంత్రశాస్త్రము తనకును చెందినదే యని తలంచును.

"చలనచిత్రము వినోదము కొఱకు, దానిపై ఇన్ని బరువులు మోపిన అది నడవలేదు" అని కొందఱనవచ్చును. ఈ మాటలో కొంత న్యాయము కలదు. ఉపన్యాసము వినుటకు ఎవరును టిక్కెట్టు కొనరు. అయినను ఆదిత్య 369ను చూడుడు. అందు పాటలు కలవు, నవ్వు కలదు, వజ్రము కొఱకు పోరాటము కలదు. అయినను 2504వ సంవత్సరమున మహాయుద్ధపు విషకిరణములకు వెఱచి మనుష్యులు నేలక్రింద నగరము కట్టుకొని యుండుటయు అందే కలదు. ఆ దృశ్యముచేత పిల్లల యానందము తగ్గలేదు. 2025 ఏప్రిలులో ఆ చిత్రము మరల విడుదలయినపుడు, నాడు పిల్లలుగా చూచినవారు తమ పిల్లలను వెంటబెట్టుకొని పోయిరి. ఆలోచన గల కథకే ఇట్టి దీర్ఘాయువు కలుగును. మేము కోరునది ఉపన్యాసము కాదు. కథ తానెత్తిన ప్రశ్నకు తానే జవాబు చెప్పవలెననుటయే. రెండవ భాగమునకు ఆలస్యమగుచున్నదని కొందఱు విసుగుకొందురు; జవాబు వెదకుటకే ఆలస్యమైనయెడల మేము సంతోషముగ వేచియుందుము.

భవిష్యత్తు ఎక్కడనో దూరమున లేదు. మా కొండలను వెదకికొని వచ్చుచునే యున్నది. క్రిందకు పాఱిన నీటిని తిరిగి పైకెత్తి, అవసరమైనపుడు మరల విడిచి విద్యుత్తును తీయుటకు, ఎగువ సీలేరులో 1350 మెగావాట్ల పథకమొకటి తలపెట్టబడినది. వెనుకకు నడచు నీరు వెనుకకు నడచు కాలమంత వింతయే గదా! అట్టి వింతలు తమ యింటిముందరనే జరుగునపుడు మా పిల్లలు వానిని ప్రక్కన నిలిచి చూచువారు మాత్రమే కారాదు.

విద్యార్థులారా, రెండవ భాగము వచ్చువఱకు ఊరకుండకుడు. మీ అవ్వను, తాతను అడిగి, ఆనకట్టకు ముందు నది యెట్లుండెనో, ఏ యూరు ఎక్కడ నుండెనో తెలిసికొనుడు. పిదప 2898లో మీ గ్రామము ఎట్లుండవలెనో మీరే వ్రాయుడు. ఆ చిత్రమును తీయువారు మా మాట విందురో వినరో చెప్పజాలము. అయినను విన్నవించుకొను హక్కు మాకు కలదు. రేపు ఏ నగరమందలి తెరపై ఆ చిత్రము ప్రకాశించినను, ఆ ప్రకాశమునందు మా సీలేటి నీరును కొంత యుండును.