అడుగులు ఆలస్యమైతే అమ్మకెందుకు శిక్ష?

మన ఇళ్ళల్లో పిల్లల ఎదుగుదలకి పిండివంటల లెక్క ఒకటి ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. అరిసెల మీద బిడ్డ చేత అడుగులు వేయించి ఇరుగుపొరుగుకి పంచుకోవడం నాకెంతో ఇష్టమైన ముచ్చట. చిక్కల్లా "అరిసెలెప్పుడు పెడతావే?" అని అడగడంలోనే ఉంది. పదకొండో నెల రాగానే మొదలవుతుంది ఆ ప్రశ్న. మొదటి పుట్టినరోజు దాటిందా, ఇక విచారణే!

మా అమ్మాయి పదకొండో నెలలో నడిచింది. పిల్ల చురుకైంది అన్నారంతా. బాబు పదిహేడో నెల నిండేదాకా నడవలేదు. అప్పుడు మాత్రం మాటలన్నీ నా మీదికే వచ్చాయి. "చంక దింపవు, వాడెక్కడ నడుస్తాడు?" అని ఒకరు. "ఒళ్ళు రుద్ది నీళ్ళు పోయడం ఈ కాలం వాళ్ళకి ఎక్కడొచ్చులే" అని ఒకరు. పెళ్ళిళ్ళలో వాడికంటే చిన్నపిల్లల్ని పక్కన నిలబెట్టి చూసేవాళ్ళు ఇంకొందరు. త్వరగా నడిస్తే బిడ్డ గొప్ప, ఆలస్యమైతే తల్లి లోపం. ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అసలు పిల్లలు ఎప్పుడు నడవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికాల్లోని ఆరోగ్యవంతులైన పిల్లల్ని గమనించి 2006లో ఆ వివరాలు ప్రచురించింది. ఏ ఆసరా లేకుండా నడవడానికి వాళ్ళు వేసిన లెక్క 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా. అంటే తొమ్మిది నెలలకు పైగా తేడా! అందులో నూటికి నలుగురు పిల్లలు అసలు మోకాళ్ళ మీద పాకనే లేదట. మావాడూ ఆ జట్టే. కూర్చుని పిర్రల మీద దేకుతూ ఇల్లంతా చుట్టేసేవాడు. అలా దేకే పిల్లలు కాస్త ఆలస్యంగా నడవడం మామూలేనని మా పిల్లల డాక్టరుగారు చెప్పారు.

అలాగని "వాళ్ళ నాన్న రెండేళ్ళకి నడిచాడు, వీడూ నడుస్తాడులే" అని చేతులు కట్టుకుని కూర్చోవడమూ సరికాదు. 18 నెలలు నిండినా నడవకపోతే డాక్టరుకి చూపించాల్సిందే. ఒళ్ళు మరీ మెత్తగా వేలాడిపోతున్నా, బిగుసుకుపోతున్నా, ఒక పక్క కాలూ చెయ్యే వాడుతున్నా, వచ్చిన పని మర్చిపోతున్నా అప్పటిదాకా కూడా ఆగకూడదు. విటమిన్ డి లోపం, థైరాయిడ్, తుంటి కీలు తొలగి ఉండడం, కండరాల జబ్బు... కారణం ఏదైనా కావచ్చు. వీటిలో కొన్ని ముందుగా తెలిస్తే చక్కగా నయమవుతాయి. డబ్బు ఖర్చవుతుందన్న భయమూ అక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి పరీక్షలు, వైద్యం ఉచితం. అంగన్‌వాడీలో అడిగితే చెబుతారు.

నా బాధంతా ఇక్కడే. అందరూ తల్లినే తప్పుపడుతూ ఉంటే, ఆవిడ బిడ్డని నలుగురిలోకి తీసుకురావడం మానేస్తుంది. డాక్టరు దగ్గరకి వెళ్తే తన లోపం ఒప్పుకున్నట్టే అనుకుని వాయిదా వేస్తుంది. మనం సరదాగా అనే మాట, ఒక బిడ్డకి సమయానికి అందాల్సిన వైద్యాన్ని వెనక్కి నెట్టేయగలదు. ఆందోళన ఉంటే దాన్ని డాక్టరు ముందు పెట్టాలి గానీ తల్లి నెత్తిన కాదు.

ఆ మాటలు పడలేకే కదా చాలామంది చక్రాల వాకరు కొనేసి పిల్లాణ్ణి అందులో కూర్చోబెట్టేది! అది నడక నేర్పదని, మెట్ల మీంచి దొర్లి పడే ప్రమాదం ఉందని పిల్లల డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. కెనడా అయితే 2004లోనే దాన్ని నిషేధించింది. పిల్లలకి కావాల్సింది చెప్పుల్లేని కాళ్ళు, కాస్త ఖాళీ నేల, పట్టుకుని లేవడానికి ఒక మంచం కోడు. మనం పక్కనే ఉంటే, తోసుకుంటూ నడిచే మన పాత మూడు చక్రాల చెక్కబండీ మంచిదే. దాన్ని కదిలించేది బిడ్డ కాళ్ళ బలమే కదా.

ఈసారి చంటిబిడ్డ ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడు "ఇంకా నడవట్లేదా?" అనే ప్రశ్న గుమ్మం బయటే వదిలేద్దాం. "నువ్వు వేళకి తింటున్నావా అమ్మా? కాసేపు వీణ్ణి నేనెత్తుకుంటా, నువ్వు పడుకో" అందాం. ఆ ఇంట్లో దిగులంటూ ఉంటే, ఆ అమ్మాయే మనకి చెప్పుకుంటుంది. అప్పుడు డాక్టరు దగ్గరకి తోడు వెళ్దాం.