పసిబిడ్డలకు దూరపు చదువు

2024 సంవత్సరము నవంబరు నెలలో విషధూమము ఢిల్లీ నగరమును కమ్మినప్పుడు అచ్చటి ప్రభుత్వము మొట్టమొదట ఇంటికి పంపినది ఐదవ తరగతికి లోపలి బాలబాలికలను. పై తరగతులవారు మరి కొన్ని దినములు బడికి పోయిరి. పసివారి ఊపిరి సుకుమారము గనుక ఆ యుత్తరువును మేము తప్పు పట్టము. కాని వారి చదువు ఇంటినుండియే ఫోను ద్వారా సాగునన్న మాట విన్నంతనే మన తెలుగు రాష్ట్రములలో 2020, 2021 సంవత్సరములందు జరిగిన యుదంతము మాకు జ్ఞప్తికి వచ్చినది.

2020 మార్చిలో కరోనా వ్యాధి మూలమున బడులు మూతపడినవి. ఆంధ్రప్రదేశమున జూను నుండి దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠములు చెప్పించిరి. తెలంగాణమున సెప్టెంబరు 1వ తేదీని టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠములు ప్రారంభమైనవి. అవియు మూడవ తరగతి మొదలుకొనియే. ఒకటి, రెండు తరగతుల శిశువులకు ఆ పాఠము సైతము లేదు. 2021 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వమువారు ముందుగా తొమ్మిది, పది తరగతులకును, పిదప ఆరు మొదలు ఎనిమిది వరకును తలుపులు తెరచిరి. ఐదు తరగతుల పసివారికి మాత్రము బడి గడప కనబడినది 2021 సెప్టెంబరు 1వ తేదీన. ఇంచుమించు పదునెనిమిది మాసములు! 2020లో ఒకటవ తరగతిలో పేరు వ్రాయబడిన బిడ్డ పంతులుగారి యెదుట ఒక్క దినమైనను కూర్చుండకయే రెండవ తరగతి విద్యార్థి యయ్యెను. ఆంధ్రప్రదేశమున 2021 ఫిబ్రవరి 1న చిన్నవారిని పిలిచి, ఏప్రిలులో మరల పంపివేసి, ఆగస్టు 16న తిరిగి పిలిచిరి.

తమంత తాము పుస్తకము చదువుకొనగలవారికి గురువు ముందు దొరకెను. అక్షరమే రానివారికి కడపట దొరకెను. ఈ క్రమము తలక్రిందులైనదని మా యభిప్రాయము. 2021 జూలైలో భారత వైద్య పరిశోధనా మండలి ప్రధానాధికారి బలరాం భార్గవగారు సైతము, బడులు తెరువదలచినచో ప్రాథమిక పాఠశాలలనే ముందు తెరచుట యుచితమని చెప్పియుండిరి.

పెద్దవాడు పాఠమును విని గ్రహించును. పసివాడు దిద్ది నేర్చును. పలకమీద 'మ' వ్రాసి 'య' అని చదువును. గుడికిని గుడిదీర్ఘమునకును భేదము తెలియక తడబడును. పంతులు వ్రేలు పట్టి దిద్దించినగాని ఆ తప్పు పోదు. టెలివిజనుకు నోరు కలదు గాని బిడ్డ పలకను చూచు కన్ను లేదు. ఇంటి సంగతి మన పాఠకులు ఎరిగినదే. తల్లి కూలికి పోవును. తండ్రి ఫోనును జేబులో వేసికొని పొలమునకు పోవును. ఫోను ఇంటనున్నను అది పరీక్షల తరగతి చదువు పెద్దకొడుకుది. చిన్నదాని వంతు వచ్చుసరికి పాఠము ముగియును.

ఫలితమును అంకెలలో చూడవచ్చును. ప్రథమ్ సంస్థవారు దేశమందలి పల్లెలలో జరిపిన పరిశీలన ప్రకారము, మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు 2018లో నూటికి 27.3, 2022లో 20.5. ఆ 2022 నాటి మూడవ తరగతివారే 2020లో ఓనమాలు దిద్దవలసిన బిడ్డలు. బడులు తిరిగి నడచిన తరువాత 2024లో ఈ సంఖ్య 27.1కి చేరినది. ఇది సంతోషమే; అయినను మధ్యలో పోయిన బిడ్డలకు పై తరగతులలో ఎవరు అక్షరములు చెప్పుచున్నారు?

వ్యాధియో, తుపానో, పొగయో మరల బడులను మూయకపోదు. అప్పుడు పసివారికి కావలసినది యంత్రమొకటే కాదు, ప్రక్కన కూర్చుండు మనిషి. మన వీధి బడులలో పెద్ద పిల్లలు చిన్నవారిచే ఇసుకలో దిద్దించు పద్ధతి యొకటి యుండెడిది. చెన్నపట్టణమున దానిని చూచిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు ఇంగ్లాండుకు కొనిపోగా, అచ్చట అది మదరాసు పద్ధతి యని పేరొందినది. మనము మరచినదానిని వారు వాడుకొనిరి! వీధికి ఎనిమిదవ తరగతి బాలిక యొకతె యున్నచో, అయిదుగురు పిల్లలకు సాయంకాలము గంటసేపు అక్షరములు దిద్దించుట కష్టము కాదు. అందుకు అరుగును, దీపమును, పలకలను సమకూర్చుట గ్రామములందలి భూస్వాములకును పట్టణములందలి గృహస్థులకును భారము కానేరదు. ఉపాధ్యాయుడు వారమునకు రెండు మారులైనను వచ్చి పలకలు చూడవలెను. బడి మూసినను మధ్యాహ్న భోజనపు బియ్యము, పప్పు, గ్రుడ్లు ఇంటికి చేరవలెను. ఆకలిగొన్న బిడ్డకు ఏ పాఠమును ఎక్కదు.

1937లో అమెరికా దేశపు షికాగో నగరమున పోలియో వ్యాపించి బడులు తెరువ వీలులేకపోయినప్పుడు రేడియోలో పాఠములు చెప్పించిరి. ఆ పాఠముల వివరములను అచ్చటి దినపత్రికలు ప్రతిదినము ప్రకటించినవి. సందేహములు తీర్చుటకు ఉపాధ్యాయులు టెలిఫోనులయొద్ద కూర్చుండిరి. మన ప్రభుత్వములు ఈసారి బడి మూయు ఉత్తరువుతోపాటు ఏ ఉపాధ్యాయుడు ఏ వీధి పిల్లల పలకలు చూచునో ఆ జాబితాను సైతము ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. ఒకటి, రెండు తరగతుల పాఠమునకు ఈ పుటలో దినమునకొక నిలువు విడుచుటకు మేము సిద్ధముగా నున్నాము.