పువ్వు ఇచ్చే కూలి

పొద్దుతిరుగుడు వేసిన రైతుకు వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే సలహాల్లో ఒకటి వింటే మనసు చివుక్కుమంటుంది. పంట పూతకొచ్చినప్పుడు చేతికి పల్చటి గుడ్డ చుట్టుకుని, పొద్దున పూట, రోజు మార్చి రోజు, ఒక్కో పువ్వునూ మెల్లగా రుద్దాలి. అప్పుడు పుప్పొడి ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు అంటి గింజ నిండుతుంది. లేదంటే తాలు గింజలు మిగులుతాయి. సలహాలో తప్పేమీ లేదు. కానీ మనుషులు చేనంతా తిరిగి చేయాల్సి వస్తున్న ఈ పని అసలు తేనెటీగలది. అందుకు అవి రైతును పైసా అడగవు. కూలి పువ్వే ఇస్తుంది. ఆ కూలి పేరు మకరందం.

మకరందం అంటే ప్రధానంగా చక్కెరలు కరిగిన నీరు. సుక్రోజ్, గ్లూకోజ్, ఫ్రక్టోజ్, వాటితోపాటు కొద్దిగా అమైనో ఆమ్లాలు అందులో ఉంటాయి. ఆకులు ఎండలో తయారుచేసిన ఆహారంలో కొంత భాగాన్ని మొక్క తనకని దాచుకోకుండా పువ్వులోని గ్రంథుల గుండా బయటికి వదులుతుంది. ఎంత వదలాలన్నదీ యుగాల మీద కుదురుకున్న లెక్కే. ఒక్క పువ్వులోనే కడుపు నిండితే తేనెటీగ అటునుంచి అటే పట్టుకు వెళ్లిపోతుంది. బొత్తిగా ఏమీ దొరక్కపోతే మళ్లీ ఆ ఛాయలకు రాదు. అందుకే చాలా పూలు కొంచెం కొంచెమే ఇస్తాయి. ఆ కొంచెం చాలక అది మొక్క మొక్కకూ తిరుగుతుంది. ఒంటికి అంటిన పుప్పొడీ దానితోపాటే తిరుగుతుంది. మన కంచంలోకి వచ్చే ఎన్నో పండ్లు, కొన్ని పప్పులు, నూనెలు ఈ తిరుగుడు పుణ్యమే.

కాఫీ, నిమ్మజాతి పూల మకరందంలో కెఫీన్ కూడా కాస్త ఉంటుంది. ఆ మోతాదులో కెఫీన్ అందిన తేనెటీగలకు పూల వాసన ఎక్కువ కాలం గుర్తుంటుందని 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. తన దగ్గరికి వచ్చినవాళ్లు దారి మరవకుండా పువ్వు ఆ ఏర్పాటూ చేసుకుందన్నమాట.

ఈ బంధం ఎంత గట్టిదో తెలియాలంటే మడగాస్కర్ ఆర్కిడ్ కథ చాలు. ఆ పువ్వు వెనక అడుగు పొడవున సన్నని గొట్టం వేలాడుతుంది. మకరందం దాని అట్టడుగున ఉంటుంది. అంత పొడవు నాలుక ఉన్న చిమ్మట ఒకటి ఆ దీవిలో ఉండి తీరాలని డార్విన్ 1862లో రాశాడు. ఆయన పోయిన 21 ఏళ్లకు, 1903లో, అలాంటి చిమ్మటను శాస్త్రవేత్తలు లోకానికి పరిచయం చేశారు. ఇలా ఒకరి కోసం ఒకరు తయారైనప్పుడు, ఒకరు పోతే రెండోవారి మనుగడా కష్టమవుతుంది.

మన నేల మీదా ఈ కొలువు ఏడాది పొడవునా సాగుతుంది. శీతకాలం వెళ్లేవేళ ఆకు రాల్చిన మోదుగ, బూరుగ ఎర్రగా పూస్తాయి. ఎండలు ముదిరే ముందు తేనెపిట్టలకు, గోరింకలకు, కాకులకు అక్కడ విందు. ఇప్పచెట్టు పూలకు రాత్రిళ్లు గబ్బిలాలు వస్తాయి. వేప, కానుగ, చింత వేసవిని గట్టెక్కిస్తాయి. చలికాలం మొదట్లో అరకు లోయలో వలిసెలు పసుపు పరుస్తాయి. వలిసె మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు. పక్క మొక్క పుప్పొడి తెచ్చే తేనెటీగ రాకపోతే ఆ పంటే లేదు.

మరి పొద్దుతిరుగుడు చేలో పూత ఉండేది కొద్ది రోజులే. మిగతా కాలం తేనెటీగ ఏం తిని బతకాలి? గట్టు మీది కానుగను కొట్టేసి, కలుపు మందుతో గడ్డిపూలను మాడ్చేసి, పంట పూసిన వారం మాత్రం రమ్మంటే అది ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకో సంగతి. వంగ, టమాటా, తంగేడు పూలలో మకరందం ఉండదు, అవి ఇచ్చేది పుప్పొడే. అక్కడ పనిచేసే తుమ్మెదలు ఎగిరే శక్తిని మరో పువ్వు దగ్గర సంపాదించుకోవాలి. గట్టు మీది పూత వంగతోటకూ పెట్టుబడే.

కూలి తగ్గించడం ఒక తప్పైతే, కూలిలో విషం కలపడం అంతకన్నా పెద్ద తప్పు. విత్తనానికి పట్టించే, పైరు మీద కొట్టే అంతర్వాహిక మందులు మొక్క ఒళ్లంతా పాకుతాయి, మకరందంలోకీ పుప్పొడిలోకీ చేరతాయి. అలా చేరిన మోతాదు వెంటనే చంపకపోయినా తేనెటీగను దారి తప్పిస్తుంది, జ్ఞాపకం చెడగొడుతుంది. ఈ కారణంతోనే ఇమిడాక్లోప్రిడ్ సహా మూడు నియోనికోటినాయిడ్ రకం పురుగుమందులను ఆరుబయట పొలాల్లో వాడకూడదని యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించింది. మన మందుల దుకాణాల్లో ఇమిడాక్లోప్రిడ్ ఇప్పటికీ మామూలు సరుకు.

పురుగు పడితే రైతు చూస్తూ ఊరుకోవాలని నేను అనడం లేదు. అప్పు తెచ్చి వేసిన పంట అది. కానీ పూత మీద ఉన్న చేనుకు మందు కొట్టకుండా ఉండటం, తప్పనిసరైతే తేనెటీగలు పట్టుకు చేరాక సాయంత్రం కొట్టడం చేతకాని పనులు కావు. ఈ మాట రైతుకు చెప్పాల్సింది మందు అమ్మే వ్యాపారి కాదు, వ్యవసాయ శాఖ. రైతు వేదికల్లో, రైతు సేవా కేంద్రాల్లో ఎరువుల పట్టికతోపాటు ఏ నెలలో ఏ చెట్టు పూస్తుందో తెలిపే పట్టికా ఉండాలి. చెట్లు నాటే కార్యక్రమాల్లో అందం కోసం పరాయి మొక్కలు తెచ్చే బదులు కానుగ, మోదుగ, వేప, ఇప్ప నాటాలి. గట్టున్న ప్రతి రైతూ ఈ వానాకాలంలో దాని మీద ఒక్క పూలచెట్టయినా పెట్టాలి. తేనెటీగ చేసే పనిని గుడ్డ కట్టిన మన చెయ్యి ఎన్నాళ్లో చేయలేదు.