మొద్దు పగలగొట్టేది మనం, లెక్క రాసేది వాళ్లు



పోస్టు పెద్దది. సగంలో వదిలెయ్యకుండా చివరిదాకా చదవండి. నచ్చకపోతే కింద తిట్టండి, సమాధానం చెప్తాం.

పోయిన వారం ఈ గ్రూపులో ఒక తమ్ముడు వాళ్ల నాయన ఫోటో పెట్టాడు. పెద్ద వేప దుంగ, దాని పక్కన గొడ్డలి పట్టుకుని నిలబడిన మనిషి. కింద కామెంట్లు చూశారు గదా. "ఇట్టాంటివి పెట్టొద్దు", "మనం చదువుకుంటున్నాం, ఇంకా ఎన్నాళ్లు గొడ్డలి చూపిస్తాం", "బయటోళ్లు చూస్తే పరువు పోతాది". గంటలో తమ్ముడు ఫోటో తీసేశాడు. తీసెయ్యమన్న వాళ్లలో మా హాస్టల్ వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లతో రాత్రి రెండు గంటల దాకా కొట్లాడి, తెల్లారి అందరం కూర్చుని ఇది రాస్తున్నాం.

మా మాట ఒకటే. నాయన గొడ్డలి పట్టినందుకు మనకి సిగ్గు అక్కర్లేదు. ఆ గొడ్డలి పనికి లెక్క అడగనందుకు సిగ్గుపడాలి. అదీ చదువుకున్న మనం సిగ్గుపడాలి.

ముందు ఆ పని ఏందో చెప్తాం. మనలో చానామందికి చిన్నప్పటి నుంచి హాస్టళ్లే. నాయన ఏం చేస్తాడంటే "కట్టెలు కొడతాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం.

సరుగుడు కొట్టడం వేరు, పెద్ద మాను కొట్టడం వేరు. సరుగుడు సన్నంగా, నిటారుగా ఉంటాది. నరికి, కొమ్మలు చెక్కి, సైజుకి కోసి పేరిస్తే అయిపోయింది. నలుగురు చేతులు కలిపినా అందని చింత మాను అట్టా లొంగదు. లోపల పీచు మెలికలు తిరిగి ఉంటాది. చేవ దగ్గర గొడ్డలి వేస్తే దిగదు, ఎగిరి వెనక్కొస్తాది. మిషన్ రంపాలు వచ్చినాయి గదా అంటారు. మిషన్ అడ్డంగా కోస్తుంది, అంతవరకే. మాను దాని బ్లేడు కంటే లావైతే రెండు పక్కల నుంచీ కోయాలి. కోశాక తిరగలి రాళ్ల మాదిరి గుండ్రటి దుంగలు మిగులుతాయి. మిషనోడు తన డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. ఆ దుంగల్ని నిలువునా చీల్చేది మన సమ్మెటలు, మన ఇనప మేకులు, మన భుజాలే.

దానికీ ఒక తెలివి ఉండాది. దుంగ నడిమధ్యలో మేకు కొడితే ఇరుక్కుని మళ్లీ రాదు. ఎండకి పగిలిన నెర్ర ఎక్కడుందో చూసి, అంచున మొదలుపెట్టి, చుట్టూ పేడు పేడుగా తీసుకుంటా లోపలికి పోవాలి. ముడి ఉన్న పక్క ముట్టుకోకుండా ఆఖరికి ఉంచుకోవాలి. గాలికి వేళ్లతో సహా లేచి పడిన చెట్టయితే ఇంకా భయం. మాను కోసెయ్యగానే అవతల బరువు పోయి, వేరు గడ్డ మట్టితో సహా గబుక్కున లేచి గుంతలో నిలబడతాది. ఆ గుంతలో మనిషి ఉంటే ఇంక చెప్పేదేముంది. అందుకే మా నాయనలు కోతకి ముందే పిల్లల్ని, కుక్కల్ని తరిమేస్తారు. ఇంత తెలిసిన మనిషిని ఏ కాగితంలోనైనా చూడండి, "కూలీ" అని రాసుంటాది.

ఇప్పుడు అసలు కథ. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మన నెల్లూరు తీరం పొడుగునా గాలికి, వానకి చెట్లు కూలినాయి. మాలో ఒకడి ఊరి పక్కన ఒక పాత చింత చెట్టు వేళ్లతో లేచి పడింది. ఆ చెట్టు కొన్న కాంట్రాక్టరు వాళ్ల నాయనకి కబురు పెట్టాడు. 20,000 అడ్వాన్సు ఇచ్చాడు. టన్నుకి 900 అని నోటిమాట. సరుగుడుకి ఎంతో, చింత మానుకీ అంతే. వాళ్ల అమ్మ, నాయన, చిన్నాయన, పిన్ని, నలుగురూ కలిసి 16 రోజులు కొట్టారు. మూడు ట్రాక్టర్ల కట్టె అయింది.

కాంట్రాక్టరు చెప్పిన లెక్క ఇది. మొత్తం 14 టన్నులు, 12,600 రూపాయలు. అడ్వాన్సులో 7,400 ఇంకా బాకీ. ఆ తర్వాత అన్న మాట వినండి: "నీ పెద్దోడు హాస్టల్లో ఉండాడంట గదా. రెండు నెలలు పంపీ, చెల్లైపోతాది."

సంక్రాంతి సెలవులకి పోయినప్పుడు ఈ సంగతి మాకు తెలిసింది. వాళ్ల నాయన అప్పటికే సరేననేశాడు. వాళ్లమ్మ బ్యాగులోంచి పుస్తకాలు తీసి గూట్లో పెట్టేసింది. ఆ పుస్తకాలు అట్టా గూట్లో చూసినాక మాకు అన్నం దిగలేదు.

ట్రాక్టర్ తోలిన అబ్బాయి మనోడే. ఇప్పుడు ఆ పనిలో లేడు కాబట్టి బయటికి చెప్తున్నాం. మూడు కాటా చీటీలు ఫోటో తీసి పంపాడు. కాటా చీటీలో మూడు అంకెలు ఉంటాయి. లోడుతో బండి బరువు, ఖాళీ బండి బరువు, రెంటికీ తేడా. ఆ తేడానే కట్టె బరువు. ఇది మూడో తరగతి తీసివేత. మొదటి చీటీలో 6,180 కిలోలు, రెండో దాంట్లో 5,940, మూడో దాంట్లో 6,310. కూడండి. 18,430 కిలోలు. 14 టన్నులు కాదు, దాదాపు పద్దెనిమిదిన్నర. నాలుగున్నర టన్నులు ఎటు పోయినాయి? "పచ్చి కట్టె గదా, తరుగు తీశాను" అన్నాడు. పచ్చి కట్టెలో నీళ్లు ఉంటాయి, ఎండితే బరువు తగ్గుతాది, నిజమే. మరి సమ్మెట దెబ్బ పచ్చి కట్టె మీద పడిందా, ఎండు కట్టె మీద పడిందా? వాళ్లు మోసింది పచ్చి బరువే గదా. తరుగు వాళ్ల నెత్తిన ఎందుకు?

కాటా సరిగ్గా చూసినా న్యాయం జరగలేదు. ఇది ఇంకా ముఖ్యం. 18,430 కిలోలకి 900 లెక్కన 16,587 రూపాయలు. నలుగురు, 16 రోజులు, అంటే 64 పనిదినాలు. మనిషికి రోజుకి 259. కాంట్రాక్టరు లెక్కలో అయితే 197. ఆ ఏడు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 272. గట్టు మీద మట్టి తట్ట మోస్తే 272, ప్రాణం మీదికి తెచ్చుకుని చింత మాను చీలిస్తే 197. లావు మానుకీ సన్న కర్రకీ ఒకటే రేటు పెట్టిన రోజే మోసం మొదలైంది. కాటా దగ్గర జరిగింది రెండో మోసం.

మేం నలుగురం పోయి చీటీలు చూపించాం. "చదువుకుని మా మీదికే వస్తారా" అని అరిచాడు. ఆఖరికి 18 టన్నులు ఒప్పుకున్నాడు. మావాడు కాలేజీకి తిరిగొచ్చాడు, ఇప్పుడు మా రూములోనే ఉండాడు. గెలిచాం అని చెప్పుకోవట్లేదు. ఆ తర్వాత రెండు నెలలు ఆ కాలనీ వాళ్లని ఎవరూ పనికి పిలవలేదు. దాన్ని దాచిపెట్టి పోస్టు రాస్తే అబద్ధం అవుతుంది.

ఆ రోజు మాకు తెలియని సంగతి ఇంకోటి ఉండాది. ఎంత బాకీ ఉంది అని వాదించాం గానీ, అసలు ఆ బాకీ బాకీయేనా అని అడగలేదు. రాజ్యాంగం 23వ ఆర్టికల్ వెట్టిని నిషేధించింది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి చేయించుకునే పని కూడా బలవంతపు చాకిరీయే అని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. దాని ప్రకారం వెట్టి కింద పెట్టిన బాకీ తీర్చక్కర్లేదు, అది రద్దయిపోయినట్టే. వెట్టి చేయించిన వాడికి మూడేళ్ల దాకా జైలు ఉండాది. ఎస్సీ, ఎస్టీల చేత వెట్టి చేయించడం 1989 అట్రాసిటీ చట్టం కింద కూడా నేరమే. బాకీ కింద కొడుకుని పంపమనడం ఏమవుతుందో మీరే చెప్పండి. మనం దాన్ని ఇన్నాళ్లూ "అడ్వాన్సు ఇచ్చి ఆదుకున్నాడు" అంటున్నాం.

టౌన్లో మన క్లాస్‌మేట్లు కొందరు ఇంకో మాట అంటారు. "చెట్లన్నీ నరికేది మీవాళ్లే గదా" అని. జూన్ 5న మొక్క పట్టుకుని సెల్ఫీ దిగేవాళ్లు అంటారు ఈ మాట. వాళ్లకి మూడు ప్రశ్నలు. చెట్టు ఎవరిది? అమ్మింది ఎవరు? కాల్చింది ఎవరు? చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలని 2002 వాల్టా చట్టం చెప్తుంది. ఆ అనుమతి చూసుకోవాల్సింది చెట్టు గలవాళ్లు, కొన్నవాళ్లు. అనుమతి లేదని పట్టుకున్నప్పుడు మాత్రం ముందు లాక్కునేది మన గొడ్డళ్లే. కట్టె పోయేది ఇటుక బట్టీలకి, హోటళ్లకి, కలిగిరి, డీసీపల్లి వైపు పొగాకు బ్యారన్లకి. మన గుడిసె పొయ్యిలోకి వచ్చేది చిల్లకంప. పెద్ద చెట్టు పడితే మనకీ బాధే. చానా కాలనీల్లో కూర్చోడానికి ఒక్క పెద్ద చెట్టు నీడ లేదు. చెట్టూ మనది కాదు, కట్టే మనది కాదు. నింద మాత్రం మనదా?

ఈ కథ నిన్న మొన్న పుట్టింది కాదు. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మన తాతల దీవి. 1835లో సర్కారు చేతికి వచ్చింది. ఆ అడవి కట్టెలు పడవల మీద మద్రాసు పొయ్యిల్లోకి పోయినాయి. ఆ పడవలు నడిచిన కాలవని 1876-78 కరువులో కూలీలతో తవ్వించి పొడిగించి, గవర్నర్ పేరు పెట్టుకున్నారు. బకింగ్‌హామ్ కాలవ అన్నారు. తవ్వినోడి పేరు గానీ, కట్టె కొట్టినోడి పేరు గానీ ఎక్కడా లేదు. యానాదుల్లో కొందర్ని నేరస్త జాతుల చట్టం కిందికి కూడా తోశారు. ఆ చట్టం పోయింది 1952లో. 1969లో రాకెట్ల కోసం దీవిని ఎంచుకున్నారు, 1971 అక్టోబర్ 9న మొదటి రాకెట్ లేచింది, మనవాళ్లు దీవి వదిలి వచ్చారు. రాకెట్ లేస్తే మేమూ చప్పట్లు కొడతాం. కానీ గమనించండి. మన గురించి ఉన్న కాగితాలన్నీ వేరేవాళ్లు రాసినవే. పోలీసు రిజిస్టరు, ఫారెస్టు రిజిస్టరు, కాంట్రాక్టరు జేబులో చిట్టా. మన ఇళ్లల్లో మొదటిసారి పెన్ను పట్టింది మనం. ఆ పెన్ను డిగ్రీ పరీక్షలకేనా?

అందుకే మేం అడుగుతున్నది ఇది.

ఒకటి. గొడ్డలి ఎత్తకముందే మాట తేల్చుకోవాలి. సన్న కర్రకి ఒక రేటు, లావు మానుకి ఇంకో రేటు. లావు మాను టన్ను లెక్కన వద్దు, రోజు కూలి లెక్కన అడగాలి. రేటు, తేదీ, అడ్వాన్సు కాగితం మీద ఉండాలి. కాగితం ఇవ్వనంటే ఫోన్లో వాయిస్ అయినా ఉంచుకోవాలి.

రెండు. ప్రతి లోడుకీ కాటా చీటీ ఫోటో తీయాలి. చదువు రాకపోయినా నాయన ఫోటో తీయగలడు. మనకి వాట్సాప్ చేస్తే మనం చదివి చెప్తాం.

మూడు. ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు. ఎవరు, ఎన్ని రోజులు, ఎన్ని టన్నులు, ఎంత ముట్టింది. మావాడి ఇంట్లో మొదలైంది. రాసేది ఏడో తరగతి చదివే వాళ్ల చెల్లెలు.

నాలుగు. బాకీ కింద పిల్లల్ని పంపమన్నా, పని మానెయ్యనివ్వకపోయినా అది మన ఇంటి గొడవ కాదు. కలెక్టరుకి, ఆర్డీవోకి రాతమూలకంగా ఇవ్వాలి. విడుదల సర్టిఫికెట్ అడగాలి. కేంద్ర పథకం కింద పునరావాసానికి మగవాళ్లకి లక్ష, ఆడవాళ్లకి, పిల్లలకి రెండు లక్షలు ఉండాయి. అర్జీ రాయడం మనకి వచ్చు.

"ఇట్టా అడిగితే పని పోతాది" అంటారు. పోతాది, మాకు ఒకసారి పోయింది. ఒక్క కాలనీ అడిగితే కాంట్రాక్టరు పక్క కాలనీకి పోతాడు. ఇరవై కాలనీల్లో ఒకటే రేటు, ఒకటే మాట ఉంటే ఎక్కడికి పోతాడు? మిషన్ అడ్డంగానే కోస్తుంది. నిలువునా చీల్చడానికి మళ్లీ మన దగ్గరికే రావాలి. ఈ గ్రూపులో కావలి నుంచి సూళ్లూరుపేట దాకా ఉన్నాం. ఆ ఒక్క మాట మీద నిలబడటానికి ఈ గ్రూపు చాలదా?

తమ్ముడూ, నువ్వు తీసేసిన ఫోటో మళ్లీ పెట్టు. ఆ వేప దుంగకి నాయనకి టన్నుకి ఎంత ఇచ్చారో, ఎన్ని రోజులు పట్టిందో కింద రాయి. మిగతావాళ్లు కూడా మీ ఊరి రేటు ఈ పోస్టు కిందే రాయండి. ఎవరి పేరూ వద్దు. ఊరు, చెట్టు, రేటు, రోజులు, అంతే. ఆదివారానికల్లా అన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించే పని మేం చూసుకుంటాం.

మీ హాస్టల్ పిల్లలం