రైతు వచ్చాడా, వచ్చిందా?

"ఆయప్ప వచ్చినాడు. ఆయమ్మ వచ్చింది. ఆవు వచ్చింది." మా కళ్యాణదుర్గం పల్లెల్లో రోజూ వినబడే మాటలే ఇవి. క్రియలను గమనించారా? ఆయమ్మకూ ఆవుకూ ఒకే ప్రత్యయం! పురుషులను తెలిపే మాటలను మన వ్యాకరణం 'మహత్తు' అన్నది, అంటే గొప్పది. తక్కినవి అమహత్తులు. ఏకవచనంలో స్త్రీకి అమహత్తు క్రియే వస్తుంది. అందుచేత తెలుగు భాషే ఆడవారిని చిన్నచూపు చూస్తున్నదని కొందరంటారు.

నేను ఒప్పుకోను. బహువచనం చూడండి: అన్నలు వచ్చారు, అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి. అక్క ఒక్కతే అయితే ఆవుతో జత, ఇద్దరయితే అన్నలతో జత! ఒక్కతెగా తక్కువైన మనిషి, పక్కన ఇంకొకతె నిలబడగానే ఎక్కువైపోతుందా?

మాకు కన్నడసీమ ఎంతో దూరం లేదు. అక్కడ "అవను బందను, అవళు బందళు, హసు బంతు" అంటారు. హసు అంటే ఆవు. స్త్రీకి విడిగా ప్రత్యయం ఉన్నదన్నమాట. మరి సరిహద్దు దాటగానే వేరుశనగ చేలో కలుపు తీత మగవారి పనైపోయిందా? లేదు. ఇటూ అటూ ఎక్కువగా ఆడవారే వంగి తీస్తారు.

సంస్కృతం సంగతి మరీ వింత. భార్య స్త్రీలింగం, కళత్రం నపుంసకలింగం, దారశబ్దం పుంలింగం, పైగా నిత్యబహువచనం. ఇంట్లో ఉన్న మనిషి మాత్రం ఒక్కతే!

లింగభేదమే లేని భాషలూ ఉన్నాయి. ఫిన్నిష్‌లో, పారశీకంలో 'అతడు', 'ఆమె' రెండింటికీ ఒకే మాట. అయితే స్త్రీలకు ఓటుహక్కు ఫిన్లండులో 1906లోనే వస్తే, ఇరానులో 1963లో వచ్చింది. తేడా తెచ్చినది వ్యాకరణం కాదు గదా.

నన్ను కలవరపెట్టేది 'వచ్చింది' కాదు, 'రైతు' అనే మాట. అందులో ఆడ, మగ గుర్తేమీ లేదు. "రైతు వచ్చింది" అంటే ఏ సూత్రమూ అడ్డుపడదు. అయినా చెవికి తప్పుగా తోస్తుంది. విత్తనాలు ఒలిచేదీ, కలుపు తీసేదీ, కాయలు కోసేదీ ఆమే. రైతు అనగానే మనసులో మెదిలేది తలపాగా. ఆ తలపాగాను చుట్టింది చిన్నయసూరి కాదు, మనమే.

ఒక ప్రయోగం చెయ్యండి. "రైతు పొద్దున్నే చేనికి..." అని బల్లమీద రాసి, వాక్యం పూర్తి చెయ్యమని మీ తరగతి వాళ్ళను అడగండి. కారణం ముందుగా చెప్పకండి. 'వెళ్ళింది' అని ఎందరు రాశారో లెక్కపెట్టండి. రాసినవారి అమ్మలు చేనికి వెళతారేమో కూడా కనుక్కోండి.