ఈ ఇల్మ్ కూడా ఫర్జె కిఫాయానే



ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే మన ఇళ్ళల్లో అందరి నోటా ఒకటే మాట. నీట్‌లో ర్యాంకు ఎంత? ఇంజనీరింగ్ సీటు ఎక్కడొస్తుంది? అవి కుదరకపోతే ఫార్మసీ. అదీ కుదరకపోతే ఏదో డిగ్రీ చేయించి దుబాయ్‌కో జెద్దాకో పంపడం. ఆడపిల్లయితే బీఈడీ చేయించి రిష్తా చూడడం. ఈ లిస్టులో స్పెషల్ ఎడ్యుకేషన్ పేరు నేను ఇంతవరకు వినలేదు. అప్లయిడ్ బిహేవియర్ అనాలిసిస్, పొట్టిగా ఏబీఏ అంటే, అదేదో అమెరికా వాళ్ళ చదువు అనుకుని వదిలేస్తారు.

కానీ ఆ చదువు అవసరమైన బిడ్డలు మాత్రం మన గల్లీల్లోనే ఉన్నారు. ఐదేళ్ళొచ్చినా మాట రాని బాబు, పిలిస్తే తిరిగి చూడని పాప, అక్షరాలు ఎంతకీ పట్టుబడని పిల్లవాడు. షాదీలకు, దావత్‌లకు వాళ్ళను తీసుకురారు. "అక్కకు రిష్తాలు వస్తున్నాయి, వీడి సంగతి బయటికి తెలిస్తే ఎలా" అని తలుపు వెనకే ఉంచేస్తారు.

ఈ బిడ్డలకు చదువు చెప్పే విద్య నేర్చుకోవడం మన కౌమ్ మీద ఫర్జె కిఫాయా అని నేను అంటాను. నేను ఆలిమ్‌ను కాదు, ఇది ఫత్వా కాదు. నా దలీల్ ఏమిటో చెబుతాను, మీరే తూచండి.

జనాజా నమాజ్ సంగతి మనందరికీ తెలుసు. ఊళ్ళో కొందరు చదివితే అందరి బాధ్యతా తీరిపోతుంది. ఎవరూ చదవకపోతే ఊరంతా గునాహ్‌గారే. ఇల్మ్ విషయంలోనూ ఇదే లెక్క ఉందని ఇమామ్ గజాలీ (1058–1111) తన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో రాశారు. వైద్యం ఫర్జె కిఫాయా అన్నారు. తన కాలం వాళ్ళ మీద ఆయన ఫిర్యాదు కూడా గట్టిదే. ఎన్నో ఊళ్ళల్లో ముస్లిం వైద్యుడే లేడు, అయినా జనమంతా ఫిఖహ్ వాదనల మీదే ఎగబడుతున్నారు, ఎందుకంటే పదవులు, పేరు అటువైపే ఉన్నాయి అన్నారు. తొమ్మిది వందల ఏళ్ళు గడిచాయి. ఫిఖహ్ జాగాలో ఎంబీబీఎస్, సాఫ్ట్‌వేర్ పెట్టి చూడండి. ఆ ఫిర్యాదు మన గురించే రాసినట్టు లేదూ?

ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటికి వెళ్ళి మనవాళ్ళు చెప్పే ఓదార్పు ఒకటుంది: "ఫికర్ చేయకండి ఆపా, వీడికి హిసాబ్ లేదు, జన్నతీ బిడ్డ." అఖల్ లేని మనిషి మీద షరీఅత్ బరువు పెట్టదన్నది నిజమే, అది అల్లాహ్ రహమత్. అయితే ఆటిజం ఉన్న ప్రతి బిడ్డకూ అఖల్ లేదని ఎవరు చెప్పారు? మాట రానంత మాత్రాన అఖల్ లేనట్టు కాదు. వాళ్ళలో చాలామంది నేర్పితే చదవగలరు, నమాజ్ నేర్చుకోగలరు, పని చేసుకుని బతకగలరు. ఇక నిజంగానే హిసాబ్ లేని బిడ్డ అనుకున్నా, హిసాబ్ లేనిది వాడికి. అమ్మీ అబ్బాలకు, మామూలకు, మస్జిద్ కమిటీకి, నాకు, మీకు హిసాబ్ ఉంది.

సూరా అబస ఎందుకు దిగిందో మన బచ్చాలకు మక్తబ్‌లోనే చెబుతాం. చూపులేని సహాబీ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) ఇల్మ్ అడుగుతూ వచ్చారు. ఆ సమయంలో ఖురైష్ పెద్దలతో మాట జరుగుతోంది. ఆ సందర్భంలో అల్లాహ్ తన రసూల్‌నే హెచ్చరించాడు. ఆ తర్వాత అదే సహాబీ మదీనాలో ముఅజ్జిన్ అయ్యారు. హుజూర్ (స) మదీనా విడిచి వెళ్ళినప్పుడు ఊరి బాధ్యత ఆయనకు అప్పగించిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆయన మీద జాలిపడి ఒక మూల కూర్చోబెట్టలేదు. నేర్పారు, పని అప్పగించారు. స్పెషల్ ఎడ్యుకేషన్ అంటే నాకు అర్థమైనది కూడా ఇదే.

ఇంతకీ ఈ చదువులో ఏం నేర్పుతారు? మనింటి సంగతితోనే చెబుతాను. వుజూ తీసుకోండి. మనకు అది ఒక పని. కానీ కొందరు బిడ్డలకు అది ఇరవై పనులు. పంపు తిప్పాలి, మణికట్టు దాకా చేతులు కడగాలి, పుక్కిలించాలి, ముక్కులో నీళ్ళు, మొహం, మోచేతుల దాకా చేతులు, తలకు మసహ్, చివరికి పాదాలు. "వుజూ చెయ్యి బేటా" అంటే వాడు పంపు దగ్గర నిలబడి నీళ్ళతో ఆడుకుంటాడు. మనం కసురుతాం. చదువుకున్న టీచరయితే ఈ పనిని ముక్కలు చేస్తుంది. మొదట్లో అన్నీ తనే చేయించి, ఆఖరి ముక్క, అంటే ఎడమ పాదం కడగడం, ఒక్కటే వాడికి వదులుతుంది. అది వచ్చాక ఆఖరి రెండు. అలా వెనక నుంచి ముందుకు వస్తుంది. ప్రతిసారీ పని పూర్తిచేసింది వాడే కాబట్టి షాబాష్ దక్కేదీ వాడికే. పట్టుకున్న చేతిని కొద్దికొద్దిగా వదిలేస్తుంది. ఏ ముక్క ఎన్నిసార్లు సొంతంగా చేశాడో కాగితం మీద రాస్తుంది. రాయకపోతే బిడ్డ ముందుకు వెళ్తున్నాడో లేదో తెలియదు.

ఇంకో ఉదాహరణ. జుమా రోజు మస్జిద్‌లో ఒక బాబు చెవులు మూసుకుని అరుస్తాడు. ఒకరు నజర్ అంటారు, ఒకరు జిన్ అంటారు, ఒకరు "తర్బియత్ సరిగా లేదు" అని అబ్బా మొహం మీదే అంటారు. ఏబీఏ చదివినవాళ్ళు మూడు సంగతులు రాసుకుంటారు: అరుపుకు ముందు ఏం జరిగింది, అరుపు ఎలా ఉంది, తర్వాత ఏం జరిగింది. నాలుగు జుమాలు రాస్తే తెలుస్తుంది, మైకు ఆన్ చేసినప్పుడల్లా అరుపు మొదలవుతోంది, బయటికి తీసుకెళ్ళగానే ఆగుతోంది. వాడు మాటల్లో చెప్పలేనిది అరుపుతో చెబుతున్నాడు. మైకుకు దూరంగా కూర్చోబెట్టి, "బయటికి" అనే బొమ్మ కార్డు చేతికి ఇచ్చి, అరవకుండా అడగడం నేర్పుతారు. దుఆ మానేయమని నేను చెప్పడం లేదు. కానీ బిడ్డ మెడలో తావీజ్ మీద తావీజ్ కట్టి, ఆమిల్‌కు వేలకు వేలు పోసి, మైకు సంగతి మాత్రం ఎవరూ గమనించకపోతే అది వాడి మీద జుల్మే.

ఈ చదువును గుడ్డిగా పొగడలేను కూడా. ఏబీఏ చరిత్రలో మచ్చలున్నాయి. అమెరికాలో ఈవార్ లోవాస్ 1987లో ప్రచురించిన పరిశోధనతో దీనికి పెద్ద పేరు వచ్చింది. వారానికి 40 గంటల శిక్షణ తీసుకున్న 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు బడిలో మామూలుగా చదవగలిగారని అందులో రాశారు. అయితే ఆ కాలపు పద్ధతిలో దెబ్బలు కూడా ఉన్నాయి. అంతకుముందు 1960ల్లో ఆయన ప్రయోగాల్లో కరెంటు షాకులు కూడా వాడారు. ఆటిజంతో పెరిగి పెద్దయినవాళ్ళే ఈ రోజు ముందుకొచ్చి, బలవంతంగా కళ్ళలోకి చూడమనడం, ఎవరికీ హాని చేయని చేతుల ఊపును అణచడం తమను ఎంత గాయపరిచాయో చెబుతున్నారు. వాళ్ళ మాట వినాలి. బిడ్డను మనలా కనబడేలా చేయడం లక్ష్యం కాకూడదు. వాడి అవసరం వాడు చెప్పుకోగలగాలి, వాడి పని వాడు చేసుకోగలగాలి. వాడి శరీరం అల్లాహ్ ఇచ్చిన అమానత్, దానికి ఇజ్జత్ ఉంది. కొట్టే సెంటర్, తల్లిని లోపలికి రానివ్వని సెంటర్ ఎంత పేరున్నదైనా వదిలేయండి.

మరి "ఎవరు చదివితే ఏం, మన పిల్లలే చదవాలా?" అని ఒక భాయ్ నన్ను అడిగారు. మంచి టీచర్ ఏ మజహబ్ వారైనా మంచి టీచరే. ఎన్నో ముస్లిం బిడ్డలను హిందూ, క్రైస్తవ టీచర్లు ఏళ్ళ తరబడి ప్రేమగా చూసుకుంటున్నారు, వాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. కానీ బిడ్డ ఇంటి భాష ఇంటిలోంచి వచ్చినవారికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. మన ఇళ్ళల్లో దాదీ "పానీ హోనా?" అంటుంది, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. కొందరు "ఇంట్లో ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి" అని తల్లులకు చెబుతారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం బిడ్డల మాట ఇంకా ఆలస్యమవుతుందని పరిశోధనలు చూపలేదు. దాదీతో మాట తెగిపోవడం మాత్రం నిజమైన నష్టం. బొమ్మ కార్డులు తీస్తే వాటిలో శాండ్‌విచ్, మంచు మనిషి ఉంటాయి. మనింటి ఖిచ్డీ, లోటా, జానమాజ్, దస్తర్‌ఖాన్ ఉండవు. వాటిని ఎవరు గీస్తారు? ఆ ఇంట్లో పెరిగిన పిల్లే గీస్తుంది.

ఇక ఎలా చదవాలి అన్న ముచ్చట. మన దేశంలో ఈ రంగానికి తలుపు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, 1992 చట్టంతో చట్టబద్ధ సంస్థ అయింది. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఈడీ, ఆ పైన ఎంఈడీ చేయవచ్చు. ఆ కోర్సుకు కౌన్సిల్ గుర్తింపు ఉండాలి. చదువు అయ్యాక కౌన్సిల్ దగ్గర రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. అది లేకుండా ఈ వృత్తి చేస్తే చట్ట ప్రకారం ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. తల్లిదండ్రులు కూడా సెంటర్‌లో ఫీజు కట్టే ముందు ఆ నంబరు అడగండి, మొహమాటపడకండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు నీపిడ్, మేధో వైకల్యం మీద ఈ చదువులు చెబుతుంది. వినికిడి, మాట లోపాల మీద పనిచేసే జాతీయ సంస్థ ముంబైలో ఉంది. దాని పేరులో ఉన్న అలీ యావర్ జంగ్ మన హైదరాబాద్ మనిషి, ఉస్మానియా వీసీగా చేసినవారు. కౌమ్ పేరు బోర్డు మీద ఉంది, కౌమ్ పిల్లలు క్లాసులో కూడా ఉండాలి కదా.

ఏబీఏ విషయంలో ఒక హెచ్చరిక. అమెరికాలో 1998లో మొదలైన బోర్డు ఇచ్చే బీసీబీఏ సర్టిఫికెట్‌కు మాస్టర్స్ డిగ్రీ కావాలి, పర్యవేక్షణలో 1,500 నుంచి 2,000 గంటల పని కావాలి, ఆపై పరీక్ష. అయితే 2023 జనవరి నుంచి ఆ బోర్డు అమెరికా, కెనడా వంటి కొన్ని దేశాల్లో ఉండేవారికే కొత్త సర్టిఫికెట్లు ఇస్తోంది. ఇండియాలో కూర్చుని ఆన్‌లైన్ కోర్సు చేస్తే బీసీబీఏ వస్తుందని ఎవరైనా లక్షలు అడిగితే ఇవ్వకండి. ఇక్కడ కౌన్సిల్ గుర్తించిన వృత్తుల్లో బిహేవియర్ అనలిస్ట్ విడిగా లేదు కూడా. కాబట్టి ఇక్కడివాళ్ళు ముందు స్పెషల్ ఎడ్యుకేషన్ పట్టా తీసుకుని, ఏబీఏ ఇల్మ్‌ను దాని మీద చేర్చుకోవడం మేలు. నికాహ్ అయి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్ళిన మన అమ్మాయిల సంగతి వేరు. హెచ్4 వీసా మీద చదువుకోవచ్చు, ఉద్యోగానికి మాత్రం వేరే అనుమతి కావాలి. ఆ పర్యవేక్షణ గంటలు అనుమతి లేకుండా ఎలా పూర్తవుతాయో యూనివర్సిటీని ముందే అడిగి చేరండి. ఇంట్లో ఖాళీగా ఏళ్ళు గడిపే కంటే ఇది ఎంతో బెహతర్.

ఉద్యోగాలు ఉన్నాయా అంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఆటిజం అందులో ఉంది. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. ఇలాంటి పిల్లలకు ప్రైమరీలో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు స్పెషల్ టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మీ పక్క సర్కారీ బడికి వెళ్ళి ఎంతమంది ఉన్నారో అడగండి, ఖాళీ ఎంతో మీకే తెలుస్తుంది.

నా దర్ఖాస్త్ మూడు మాటలు. ఒకటి, ప్రతి మస్జిద్ కమిటీ ఈ సంవత్సరం ఒక్క పేద విద్యార్థికైనా ఈ చదువు ఫీజు కట్టాలి. జకాత్ నుంచా, సదఖా నుంచా అన్నది మీ ముఫ్తీ సాబ్‌ను అడగండి. రెండు, జుమా ఖుత్బాలో ఏడాదికి ఒక్కసారైనా ఈ బిడ్డల హక్ గురించి మాట్లాడాలి. మూడు, రిష్తా చూసేటప్పుడు ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉన్నాడని తెలిసి వెనక్కి పోకండి. దాచే అవసరం మనం పెట్టిందే, మనమే తీసేయాలి.

మీ అమ్మాయి ఈ ఏడాది డిగ్రీ పూర్తి చేస్తోందా? బీఈడీ ఫారం నింపే ముందు స్పెషల్ ఎడ్యుకేషన్ ఫారం కూడా ఒకటి ఆమె ముందు పెట్టండి. నియ్యత్ ఆమెది, దుఆ మీది. మిగతాది అల్లాహ్ చేతిలో ఉంది.