అరిగిన చెప్పు, ఒరిగిన చక్రం

పిల్లలూ! మీ చెప్పులు ఒకసారి తిరగేసి చూడండి. మడమ ఒక పక్కనే అరిగిందా? అయితే మీ పాదం ఆ పక్కకు ఒరుగుతున్నదన్నమాట. కారు టైరూ అంతే. ముందు చక్రం బాగా ఒరిగితే టైరు ఒక అంచునే అరిగిపోతుంది. రెండు చక్రాల ఒరుగూ సమంగా లేకపోతే కారు ఒక పక్కకు లాగుతుంది. అదీ ప్రమాదం.

అమెరికాలో ఫోర్డ్ మస్టాంగ్ అనే పాత కారును ఇప్పటికీ ముచ్చటపడి బాగుచేసుకునేవారున్నారు. దాని ముందు చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు ఇనుప చేతులు పట్టుకుని ఉంటాయి. 1965, 1966 కార్లలో ఒరుగు సరిచేయాలంటే పై చేతికీ కారు బాడీకీ మధ్య పలచని రేకుముక్కలు దోపాలి. బోల్టులు వదులుచేయడం, దోపడం, బిగించడం, కొలవడం. కుదరకపోతే మళ్లీ మొదటికే!

1967 నుంచి కింది చేతికి ఒక తమాషా బోల్టు వచ్చింది. దాని బిళ్లకు బెజ్జం నడిమధ్యన ఉండదు. ఇదేమి లాభమంటారా? అట్టతో గుండ్రని బిళ్ల కత్తిరించండి. నడిమికి 3 మిల్లీమీటర్లు పక్కగా గుండుసూది గుచ్చి, పలక మీద నిలపండి. సూదికి దగ్గరగా ఉన్న అంచుకు అగ్గిపెట్టె ఆనించి బిళ్లను తిప్పండి. సగం చుట్టు తిరిగేసరికి అగ్గిపెట్టె 6 మిల్లీమీటర్లు జరుగుతుంది! కారులోనూ అలాగే బోల్టు తిప్పితే చేయి జరుగుతుంది. అది బయటికి జరిగితే చక్రం అడుగు బయటికి పోయి, నెత్తి లోపలికి వాలుతుంది.

ఈ పనికి జాకీ ఒక్కటే చాలదు. కింద గట్టి స్టాండ్లు ఉండి తీరాలి. ఇక రెండు చక్రాలూ నేరుగా ముందుకు చూస్తున్నాయా అన్నది చివరనే సరిచేయాలి. ముందే చేస్తే, ఒరుగు బోల్టు తిప్పగానే అది కాస్తా చెడుతుంది. గోడకు సున్నం వేశాక మేకులు కొట్టినట్టు!